ఏం లేదులే గవరయ్య

అనగనగా ఒక అడవిలో, రెండు కొండల నడుమ ఒక లోయలో, ముసలి మద్ది చెట్టు ఒకటి ఉండేది. ఎంత ముసలిదంటే, దాని బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా లేచిపోయి ఉండేది. మీ మేడ కంటే ఎత్తున దాని మానులో ఒక తొర్ర. ఆ తొర్రలో కొమ్ముపిట్టల జంట ఒకటి కాపురం ఉండేది. మగపిట్ట పేరు గవరయ్య. ఆడపిట్ట పేరు పైడమ్మ.

కొమ్ముపిట్ట అంటే ముక్కు మీద చిన్న కొమ్ము ఉండే పెద్ద పిట్ట. బూడిద రంగు. పొడవాటి తోక. ఎగిరేటప్పుడు నాలుగుసార్లు రెక్కలు కొట్టి, కాసేపు ఊరికే గాలిలో జారుతుంది, రిక్షావాడు పల్లంలో తొక్కడం మానేసినట్టు. మీరు రిక్షా కూడా చూసి ఉండరు. సరే, అది మరో కథ.

ఈ పిట్టల్లో ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టే రోజులు రాగానే ఆడపిట్ట తొర్రలోకి దూరుతుంది. మగపిట్ట ముక్కున కరిచి మట్టి ఉండలు తెచ్చిస్తాడు. ఆమె లోపల కూర్చుని ఆ మట్టితో వాకిలి మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుకుంటుంది. పాములూ ఉడుములూ రాకుండా అన్నమాట. ఆ మట్టి ఎండకు ఎండి రాయిలా గట్టిపడుతుంది. పైగా లోపల కూర్చున్నాక ఆమె రెక్కల్లోని పాత ఈకలు రాలిపోతాయి. కొత్తవి వచ్చేదాకా ఎగరలేదు. పిల్లలు పెద్దవయ్యేదాకా ఆమెకు లోకమంటే ఆ సందే. తిండి అతనే తేవాలి. కబురూ అతనే తేవాలి.

తిండి సంగతి అందరూ చెబుతారు. కబురు సంగతి ఎవరూ చెప్పరు. మన కథంతా ఆ కబురు గురించే.

గవరయ్య మంచివాడు. ఏడేళ్ల కాపురంలో పైడమ్మను ఒక్క మాట అన్నవాడు కాదు. ఆమె కంట్లో దిగులు కనబడితే అతని కాళ్లు ఆడవు. అందుకని దిగులు పుట్టించే మాట ఏదైనా ఉంటే, దాన్ని దారిలోనే చెక్కి చెక్కి, గుండ్రంగా నున్నగా చేసి, పండుతో పాటు సందులోంచి అందించేవాడు. అతని నోట అన్నిటికంటే ఎక్కువగా వచ్చే మాట 'ఏం లేదులే'.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. లోయలోని మేడి చెట్టు పిందెలు రాల్చేసింది. పక్క కొండ మీది జువ్వి చెట్టూ అంతే. గవరయ్య మూడు కొండలు దాటి వెళ్లాల్సి వచ్చేది. పొద్దున్న బయల్దేరితే మిట్టమధ్యాహ్నానికి గుప్పెడు పండ్లు.

"ఏం మావా, ఇవాళ ఇంత పొద్దుపోయింది?" అని సందులోంచి అడిగింది పైడమ్మ.

"ఏం లేదులే. పండు కాస్త దూరంలో దొరుకుతోంది. రెక్కలు ఆడించినట్టూ ఉంటుంది," అన్నాడు గవరయ్య.

కాస్త అనే మాట ఉంది చూశారూ, దానికి కొలత లేదు. కూరలో కాస్త ఉప్పు అంటారు, కాస్త ఆగమంటారు, కాస్త జ్వరంగా ఉందంటారు. ఒక్కోసారి అది చిటికెడు. ఒక్కోసారి అది మూడు కొండలు.

"నువ్వు తిన్నావా మరి?"

"తినకేం. నా కడుపు కుండలా ఉంది."

ఆ సందులోంచి చూస్తే ముక్కూ, ఒక కన్నూ కనబడతాయి. కడుపు కనబడదు. ఆ సంగతి గవరయ్యకు తెలుసు.

లోపల రెండు పిల్లలు పుట్టాయి. పండు లోపలికి జారినప్పుడల్లా కీచుమనేవి. ఆ చప్పుడు విని గవరయ్య మళ్లీ మూడు కొండలు దాటేవాడు.

ఒకరోజు అలా వస్తుంటే డేగ ఒకటి మీద పడింది. గవరయ్య తప్పించుకున్నాడు గానీ ఎడమ రెక్క చీలింది. రెండు పెద్ద ఈకలు ఊడిపోయాయి. ముక్కులో పండు మాత్రం వదల్లేదు. ఎలాగో వచ్చి మద్ది మాను మీద ధబ్బున వాలాడు.

"వాలిన చప్పుడు తేడాగా ఉందేం మావా?" అంది పైడమ్మ.

"ఏం లేదులే. ముళ్లకంప గీరింది. చీమ కుట్టినంత."

మీకు సూది వేసేటప్పుడు కూడా అలాగే అంటారు కదా. చీమ కుట్టినట్టు ఉంటుంది బాబూ అంటారు. ఆ చీమ ఏ అడవిదో, ఎంత లావుదో మనకు ఎవరూ చెప్పరు.

పై కొమ్మ మీద చిట్టెమ్మ అనే ఉడుత కాపురం. ఆమె ఇదంతా చూసింది. గవరయ్య పక్క కొమ్మ మీదికి వచ్చాక తోక ఎగరేస్తూ అడిగింది. "ఏం బావా, ఆ చీమకు గోళ్లెన్ని?"

"మెల్లగా మాట్లాడు చిట్టెమ్మా. లోపల పిల్లతల్లి."

"పిల్లతల్లినే నేనూ. నాకు చెవులూ ఉన్నాయి, కళ్లూ ఉన్నాయి. నాకేం కాలేదే?"

"దానిదేముంది, నువ్వు బయట తిరిగేదానివి. ఆమె చీకట్లో ఒక్కతే కూర్చుని ఉంటుంది. ఈ మాట చెబితే నేను మళ్లీ వచ్చేదాకా గుండె పట్టుకుని కూర్చుంటుంది," అన్నాడు గవరయ్య.

అతను చెప్పింది అబద్ధం కాదు. చిట్టెమ్మ కూడా ఒక్క క్షణం మెత్తబడింది. "రెక్క మాత్రం నీళ్లలో తడుపుకో," అని తన పని మీద వెళ్లిపోయింది.

ఇలా ఉండగా ఆ లోయకు వడ్రంగిపిట్ట వచ్చాడు. పేరు వీరాచారి. పెద్దవాడు, ఎర్ర తలపాగాలాంటి జుట్టు. చెట్టును ముక్కుతో నాలుగు దెబ్బలు కొట్టి, తల ఒక పక్కకు వంచి విని, లోపల ఏముందో చెప్పేస్తాడు. మంచి వడ్రంగులు దూలాన్ని వేళ్లతో తట్టి చూస్తారే, అలాగన్నమాట. అతను మద్ది మానును కింది నుంచి పై దాకా తట్టుకుంటూ వచ్చి, తొర్ర వెనక పక్క ఆగాడు. అక్కడ రెండుసార్లు తట్టాడు. మూడోసారి తట్టలేదు. నేరుగా గవరయ్య దగ్గరికి వచ్చాడు.

"గవరయ్యా, ఈ మానుకు చెద పట్టింది. నీ ఇంటి వెనక గోడ దగ్గర బీట తీసింది," అన్నాడు.

"పాత చెట్టు కదా మావయ్యా. ఆ మాత్రం ఉండదూ?"

"ఉంటుంది. బీట పైపైనే అయితే ఈ చెట్టు ఇంకో పదేళ్లు నిలుస్తుంది. లోపలిదాకా పోయిందా, మొదటి గాలివానకే పడుతుంది. ఏదన్నది నేను బయటి నుంచి చెప్పలేను. లోపలున్న మీ ఆవిడే చెప్పాలి. వెనక గోడలోంచి వెలుగు కనబడుతోందా అని అడుగు. కనబడుతోందంటే ఆ రోజే వాకిలి పగలగొట్టించు. బాగా విను. వెలుగు కనబడుతోందా? అంతే. అదొక్కటే అడగాలి."

గవరయ్య ఆ మాట పట్టుకుని బయల్దేరాడు. పండు కోసం వెళ్తూ ఒకసారి అనుకున్నాడు, వెలుగు కనబడుతోందా అని. తిరిగి వస్తూ ఇంకోసారి అనుకున్నాడు. మాను మీద వాలుతూ మరోసారి అనుకున్నాడు. ముక్కు సందులో పెట్టాడు. లోపల పైడమ్మ కన్ను తళుక్కుమంది.

"వచ్చావా మావా," అందామె. ఆ గొంతులో ఎంత సంతోషమో.

గవరయ్య మాట గొంతులోనే కరిగి చిన్నదైపోయింది.

"లోపల గాలీ వెలుతురూ అన్నీ బాగానే ఉన్నాయా పైడమ్మా?" అన్నాడు.

సందులోంచి ఆమె కన్ను ఒకసారి పక్కకు తప్పుకుంది. తర్వాత ఆమె అంది, "మాకేం మావా. రాణివాసం. అన్నీ బాగానే ఉన్నాయి. ఎందుకలా అడిగావు?"

"ఏం లేదులే. ఊరికే."

అతని ప్రాణం లేచివచ్చింది. రెక్క నొప్పి కూడా తగ్గినట్టనిపించింది. వీరాచారి దగ్గరికి పోయి, "అడిగాను మావయ్యా. బాగానే ఉందంది," అని చెప్పాడు.

"వెలుగు కనబడుతోందా అని అడిగావా?"

"ఆఁ, ఇంచుమించు అలాగే అడిగాను."

వీరాచారి అతని ముఖం కాసేపు చూసి, అవతలి లోయలో పనుందని వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు పొద్దున్న చిట్టెమ్మ తన పిల్లల్ని ఒక్కొక్కదాన్నే నోట కరచుకుని, చెట్టు దిగి, ఎదురుగా ఉన్న రాతిగుట్టకు చేర్చడం మొదలుపెట్టింది.

"ఇదేంటి చిట్టెమ్మా, ఇల్లు మారుస్తున్నావా?" అన్నాడు గవరయ్య.

ఆమె నోట్లోని పిల్లను కింద పెట్టి మాట్లాడింది. "రాత్రి నుంచి చెట్టు మూలుగుతోంది బావా. నీకు వినబడలేదూ? పైడమ్మక్కతో ఒక మాట చెప్పి వెళ్తాను."

"వద్దు వద్దు. నేను చెబుతాను. సమయం చూసి చెబుతాను."

"సమయం నిన్ను చూసి ఆగుతుందేమో కనుక్కో," అని చిట్టెమ్మ పిల్లను కరుచుకుని దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం వాయవ్యాన మబ్బు లేచింది. వేసవిలో వచ్చే మొదటి మబ్బు, కాటుక పూసినట్టు నల్లగా. అడవి అంతా ఆకు కదలకుండా నిలబడింది. అంతలో కొండ అవతల నుంచి దుమ్ము లేవడం కనబడింది. ఆ దుమ్ముకు ముందుగా వీరాచారి వచ్చి వాలాడు.

"మీ ఆవిడ ఇంకా లోపలే ఉందా?" అన్నాడు. "నువ్వు ఆ రోజు ఏమని అడిగావో, ఆ మాటలు ఉన్నవున్నట్టు చెప్పు."

గవరయ్య తల దించుకుని చెప్పాడు. "లోపల గాలీ వెలుతురూ అన్నీ బాగానే ఉన్నాయా అన్నాను."

వీరాచారి కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "నువ్వు అడిగింది ప్రశ్న కాదు గవరయ్యా, పలకరింపు. పలకరిస్తే ఎవరైనా బాగున్నామనే అంటారు. ఆవిడ భయపడకూడదనుకున్నావు, సరే. ఆవిడకూ ముక్కుంది, కాళ్లున్నాయి, తెలివుంది. నువ్వు చెప్పి ఉంటే నాలుగు రోజుల కింద వాటికి పని చెప్పేది. పో, ఇప్పుడడుగు."

మొదటి గాలి తోసింది. మద్ది మాను కిర్రుమంది. గవరయ్య వాకిలి దగ్గర వాలాడు.

"ఏంటి మావా ఆ చప్పుడు?" అంది లోపలి నుంచి పైడమ్మ.

ఏం లేదులే అనే మాట నాలుక చివరికి వచ్చింది. ఏడేళ్ల అలవాటు కదా, పిలవకుండానే వస్తుంది. గవరయ్య దాన్ని మింగేశాడు.

"పైడమ్మా, నాకు భయంగా ఉంది," అన్నాడు.

సందులోంచి ఆమె కన్ను దగ్గరగా వచ్చింది.

"పండ్లు కాస్త దూరం కాదు. మూడు కొండల అవతల. నేను రెండు రోజులకోసారి తింటున్నాను. రెక్కకు ముల్లు గీరలేదు, డేగ చీల్చింది. చెట్టుకు చెద పట్టి బీట తీసింది. ఇప్పుడు నేను అడిగినదానికి జవాబు చెప్పు. వెనక గోడలోంచి వెలుగు కనబడుతోందా?"

"కనబడుతోంది మావా," అంది పైడమ్మ. "పది రోజులైంది. మొదట దారంలా ఉండేది. ఇప్పుడు నా కాలు పడుతుంది."

గవరయ్య ముక్కు సందులోకి ఇంకా ముందుకు పెట్టాడు. "మరి నాతో చెప్పలేదేం?"

"నువ్వు ఎండన పడి వస్తావు. గొంతు పీక్కుపోయి ఉంటుంది. ఇది కూడా నీ నెత్తిన ఎందుకని ఊరుకున్నాను. నీ కుండ ఖాళీదని నాకు తెలియదనుకున్నావా? నువ్వు ఒంటి రెక్కతో వాలుతున్నావని తెలియదనుకున్నావా? నువ్వు చెప్పకపోతే నేనెందుకు అడగాలని..." ఆమె ఆ మాట అక్కడే ఆపేసింది. "తర్వాత పోట్లాడుకుందాం. ఎంతసేపుంది?"

"లేదు."

"అయితే ముక్కు తియ్యి."

లోపలి నుంచి టక్కుమని దెబ్బ పడింది. మట్టి గోడ రాయిలా ఉంది. బయటి నుంచి వీరాచారి, లోపలి నుంచి పైడమ్మ, ఇద్దరూ ఒకే చోట పొడిచారు. గవరయ్య రాలిన పెళ్లలు లాగేశాడు. దుమ్ము వచ్చి లోయ నిండిపోయింది. కొమ్మలు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. చివరికి వాకిలి ఊడింది. రెండు నెలల తర్వాత గవరయ్య పైడమ్మను నిలువునా చూశాడు. చిక్కిపోయి ఉంది. రెక్కల ఈకలు సగమే మొలిచాయి. ఆమె కూడా అతని రెక్క చూసింది.

ఆమె ఎగరలేదు, పిల్లలూ ఎగరలేవు. మాను పక్కనే అడ్డతీగ ఒకటి, మనిషి తొడంత లావున, నేల దాకా వేలాడుతోంది. దాని మీదుగా దిగాలి. పెద్దపిల్ల ముందు బయటికి వచ్చి, కళ్లు చికిలించి, ఇంత లోకాన్ని ఒక్కసారి చూసి ఠారెత్తి, తీగను పట్టుకుంది. వీరాచారి దాన్ని ముక్కుతో నెట్టుకుంటూ దించాడు. పైడమ్మ తీగ అందుకుని చిన్నపిల్ల కోసం వెనక్కి తిరిగింది.

"రా బంగారూ. ఏం, ఆగిపోయావు?"

"ఏం లేదులే," అంది చిన్నపిల్ల లోపలి నుంచి.

"అయితే నా వెనకే వచ్చేయ్," అని పైడమ్మ నాలుగడుగులు దిగింది. దిగి, ఆగిపోయింది. తీగ మీద ఆమె గోళ్లు బిగుసుకున్నాయి.

"మావా, అది నీ మాట," అంది. "ఆ విరుపు నీదే. అది లోపల ఏదో దాస్తోంది. చూడు."

చూశారా, పిల్లలకు మాటలు ఎక్కడి నుంచి వస్తాయో. పుట్టిన దగ్గర్నుంచి ఆ సందులోంచి వాటి చెవిన ఎక్కువగా పడిన మాట అదే. నాన్న వచ్చి చెప్పే మాట అది. దెబ్బ తగిలితే అనవలసిన మాట అదేనని చిన్నపిల్ల నేర్చుకుంది.

గవరయ్య తొర్రలో తల దూర్చాడు. చెట్టు ఊగినప్పుడల్లా వెనక గోడలోని బీట నోరు తెరుస్తోంది, మూస్తోంది. మూసినప్పుడు చిన్నపిల్ల కాలును పట్టేసింది. అది కళ్లు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"కాస్త."

ఆ కాస్తకు కొలత ఎంతో అడవి మొత్తంలో గవరయ్యకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"ఎంత ఉంటే అంత చెప్పు," అన్నాడు. "తగ్గించొద్దు. నాన్న ఏమీ అయిపోడు."

పిల్ల కళ్లు తెరిచింది. "చాలా నొప్పి నాన్నా. కాలు రావడం లేదు. భయమేస్తోంది," అని ఒక్కసారిగా ఏడ్చింది.

"అదీ. ఇప్పుడు తెలిసింది. ఆచారి మావయ్యా, పైకి రండి. కాలు బీటలో ఇరుక్కుంది."

వీరాచారి వచ్చి ఒక్క చూపు చూశాడు. "గాలి వచ్చినప్పుడు బీట తెరుచుకుంటుంది. నా ముక్కు మేకులా దిగేస్తాను. నువ్వు లాగు," అన్నాడు. గాలి వచ్చింది. బీట తెరుచుకుంది. ముక్కు దిగింది. గవరయ్య పిల్ల రెక్క పట్టి లాగాడు. కాలు వచ్చేసింది. నలుగురూ తీగ మీదుగా జారారో, పడ్డారో, నేలకు చేరి, కింద ఉన్న పెద్దపిల్లను కలుపుకుని రాతిగుట్ట వైపు పరుగెత్తారు. పిట్టలు పరుగెత్తితే చూడటానికి బాగుండదు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

చిట్టెమ్మ తన రాతిసందులో జరిగి చోటిచ్చింది. అందరూ ఒకరి మీద ఒకరు సర్దుకున్నారు. అప్పుడు వినబడింది. మద్ది మాను నిలువునా చీలి, సగం ఇటు, సగం అటు పడింది. నేల అదిరింది. ఏడేళ్ల ఇల్లు. దాని మీద వాన మొదలైంది.

చివరికి చిట్టెమ్మే అంది, "సమయం చూసి చెబుతానన్నావు బావా. బాగానే చూశావు."

గవరయ్య తల ఎత్తలేదు. పైడమ్మ అతని చీలిన రెక్కను ముక్కుతో మెల్లగా సవరించింది. "నొప్పా?" అని అడిగింది.

గవరయ్య నోరు తెరిచాడు. పిల్లలిద్దరూ అతని వైపే చూస్తున్నాయి.

"నొప్పే," అన్నాడు. "చాలా రోజులుగా నొప్పి. ఆకలి కూడా."

"ఆ మాట ముందే అంటే నీ సొమ్మేం పోయేది?" అని పైడమ్మ అతని పక్కకు ఇంకాస్త జరిగి కూర్చుంది.

ఆ రెక్క మళ్లీ సరిగ్గా అతకలేదు. గవరయ్య తర్వాత ఎప్పుడు ఎగిరినా ఒక పక్కకు ఒరిగే ఎగిరేవాడు. చిన్నపిల్ల కాలు మాత్రం నయమైంది. కాకపోతే దాన్ని ఎవరైనా కాలు ఎలా ఉందని అడిగితే, పొద్దున్న లేచినప్పుడెంత, కొమ్మ మారినప్పుడెంత, చలికెంత అని మొత్తం చెప్పేది. లోయలో పిట్టలు అడగటం మానేశాయి. గవరయ్య మాత్రం రోజూ అడిగేవాడు. మొత్తం వినేవాడు.

మరుసటి ఏడు అవతలి లోయలో ఇంకో చెట్టు చూసుకున్నారు, చిట్టెమ్మ కూడా వాళ్ల వెంటే వచ్చింది. వీరాచారి తొంభై దెబ్బలు కొట్టి గానీ సరే అనలేదు. పైడమ్మ లోపలికి దూరింది. మట్టి గోడ కట్టుకుంది. గుడ్లు పెట్టిన మర్నాడు గవరయ్య పండు తెచ్చి సందులో పెట్టబోయాడు. లోపలి నుంచి ముక్కు అడ్డం వచ్చింది.

"ముందు కబురు. తర్వాత పండు," అంది పైడమ్మ.

గవరయ్య కొమ్మ మీద సర్దుకుని కూర్చున్నాడు. "నిన్న కింద పాము తిరిగింది. పసిరిక. చేతి కర్రంత ఉంది. చిట్టెమ్మ చూసింది. ఇవాళ కనబడలేదు. నా రెక్క వాన మబ్బు పట్టినప్పుడు లాగుతోంది. నీకేం కబురు?"

"ఒక గుడ్డు మీద చిన్న గీత ఉంది. పగులో కాదో తెలియడం లేదు. రేపు మళ్లీ చూసి చెబుతాను. నాకు దిగులుగా ఉంది."

"నాకూ ఉంది."

అప్పుడు ఆమె ముక్కు పక్కకు తీసి పండు అందుకుంది.

"పండు ఎలా ఉంది?" అన్నాడు గవరయ్య.

"ఉన్నమాట చెప్పనా? పుల్లగా ఉంది," అని, లోపల కూర్చుని మొత్తం తినేసింది పైడమ్మ.

నీతి: మనవాళ్లు బాధపడతారని కష్టాన్ని తగ్గించి చెబితే తగ్గేది మాటే, కష్టం కాదు, ఉన్నదాన్ని ఉన్నంతగా చెప్పుకుంటేనే ఇద్దరూ కలిసి దాన్ని మోయగలుగుతారు.